లిఫ్టక్క మెత్తగా రాయదు

మా ఆఫీసులో ఆమెను తిట్టుకోని ప్రోగ్రామర్ లేడు. అందరికంటే ఎక్కువ తిట్టుకున్నవాణ్ణి నేనే కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు కూడా నాకే ఎక్కువ. అందరం ఆమెను లిఫ్టక్క అనేవాళ్ళం. మొదట్లో వెనకాల అనేవాళ్ళం. ఒకరోజు ఎవడో నోరు జారి ఎదురుగానే అన్నాడు. ఆమె "ఊఁ, చెప్పు" అని పలికింది. ఆ తర్వాత అసలు పేరుతో ఎవరికీ పనిపడలేదు.

మాది ముప్పై మంది ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కింద మందుల దుకాణం, పైన మేము. మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం, లోపలికి వచ్చాక లిఫ్టక్క. ఆమె పని రిక్వైర్‌మెంట్లు రాయడం. అంటే సాఫ్ట్‌వేర్ కావాలని వచ్చినవాళ్ళకు నిజంగా ఏం కావాలో కనుక్కుని, మేం ఒక్క లైను కోడు కొట్టకముందే, దాన్ని మామూలు వాక్యాల్లో పెట్టడం. ఇంతేనా అనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది. పెద్ద చదువు చదువుకున్నవాణ్ణి, నాకు ఇంకొకరు వాక్యాలు రాసిపెట్టాలా అని ఒళ్ళు మండేది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మేమంతా రెండు ముక్కలు వినగానే కోడు మొదలెట్టేసే రకం. ఆమె పద్ధతి వేరు. ఆమె సంతకం లేని పేజీకి కోడు రాయకూడదు. శుక్రవారం అందరూ కూర్చుంటే ఆమె ప్రతి వాక్యం పైకి చదవాలి, మేము వినాలి. వింటూ నిద్రపోతే లేపి, ఇప్పుడు చదివిందేమిటో చెప్పమంటుంది.

ఒకసారి నేనే ఓ పేజీ రాసుకుపోయాను, ఈమె గొప్పేంటో చూద్దామని. అందులో "సమాచారం వెంటనే కనపడాలి" అని ఉంది. వెంటనే అంటే ఎంతసేపు అని అడిగింది. వెంటనే అంటే వెంటనే అన్నాను. మీ ఆవిడ వెంటనే రమ్మంటే నువ్వు ఎంతసేపట్లో వెళ్తావు అని అడిగింది. గదంతా గొల్లుమంది. నేను రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం ఆ రెండు వారాలూ రోజుకో కాగితం నా బల్ల మీద పెట్టి, "కోపం నీ ఇష్టం, జవాబు మాత్రం కావాలి" అని పోయేది.

ఆమె ఏ కాలేజీ నుంచీ రాలేదు. పద్దెనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంది. కిటికీ లేని గది, రెండు ఫోన్లు, చీటీల కట్ట. ఎవరో ఫోను చేసి చెప్పేది చీటీ మీద రాయాలి, మెకానిక్కు ఆ చీటీ పట్టుకుని పోతాడు. చేరిన కొత్తలో ఒకాయన ఫోను చేసి ఫలానా భవనంలో లిఫ్టు ఆగిందన్నాడు. ఈమె "లిఫ్టు ఆగింది" అని రాసింది. మెకానిక్కు చేతిలో ఉన్న పని ముగించుకుని, భోజనం చేసి వెళ్ళాడు. లోపల ఒక నిండు చూలాలు రెండున్నర గంటలుగా నేల మీద కూర్చుని ఉంది. తల్లీబిడ్డా దక్కారు గానీ, లిఫ్టక్క ఆ చీటీని మరిచిపోలేదు. "ఆయన దాచలేదు. నేను అడగలేదు. కళ్ళ ముందు కనపడేదే మనుషులు చెప్తారు. కనపడనిది మనం అడగాలి" అంటుంది. ఆ మర్నాటి నుంచి ఫోనెత్తగానే ఆమె మొదటి మాట "లోపల ఎవరన్నా ఉన్నారా?" అనే.

ఆ కంపెనీకి ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ చేయడానికి మా యజమాని వెళ్ళాడు. పది నిమిషాల్లో తేలిపోయే పని అనుకున్నాడు. ఈమె కూర్చోబెట్టి రెండు గంటలు ప్రశ్నలడిగింది. ఫోను పెట్టేసిన మనిషి మళ్ళీ చేస్తే అది కొత్త ఫిర్యాదా, పాతదా? ఒకే లిఫ్టు గురించి నలుగురు చేస్తే నలుగురు మెకానిక్కులను పంపుతారా? మా యజమాని ఆ ప్రశ్నలకు మురిసిపోయి ఆమెను ఉద్యోగంలోకి తెచ్చుకున్నాడు. అప్పుడు ఆ ప్రశ్నలు ఆయన ఖాతాదారుల మీద పడేవి, ఆయనకు ముద్దుగానే ఉండేవి. ఆయన మీద పడ్డప్పుడు చూడాలి మరి, ముద్దెంతో.

అది డయాలసిస్ పని దగ్గర జరిగింది. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషనుకు కలిపి రక్తం శుద్ధి చేస్తారు. ఒక ఆసుపత్రిలో అలాంటి మిషన్లు ఎనిమిది ఉన్నాయి. ఎవరు ఏ పూట, ఏ మిషను అన్నది నడిపే సాఫ్ట్‌వేర్ కావాలని ఆసుపత్రి మేనేజరు వచ్చాడు. అడిగినవన్నీ సబబే, ఒక్కటి తప్ప. "సమయానికి రాని రోగి స్థానాన్ని పదిహేను నిమిషాల్లో సిస్టమ్ రద్దు చేసి, ఎదురుచూసేవారికి ఇవ్వాలి." ఉదయం ఆరింటి షిఫ్టు రోజూ ఆరూ నలభై ఐదు దాటితే గానీ పూర్తిగా మొదలు కావడం లేదనీ, మిషన్లు అంతసేపు ఖాళీగా ఉంటున్నాయనీ, జాబితాలో ఇరవై రెండు మంది ఎదురుచూస్తున్నారనీ ఆయన బాధ. ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. ఆ ఇరవై రెండు మందీ మనుషులే కదా. నాకైతే అది నాలుగు లైన్ల కోడు. మధ్యాహ్నం టీ లోపల అయిపోతుందన్నాను.

లిఫ్టక్క నన్ను చూసి, "రేపు పొద్దున ఐదూ ముప్పావుకి ఆ ఆసుపత్రి గేటు దగ్గరుండు" అంది. నేను ప్రోగ్రామర్ని, నాకెందుకు అన్నాను. దిగితే గాని లోతు తెలియదంది. తిట్టుకుంటూనే వెళ్ళాను. మూడు రోజులు వెళ్ళాం.

పొడుగాటి గది. ఒక పక్క నాలుగు కుర్చీలు, ఇంకో పక్క నాలుగు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో మిషను. గోడన చేతులు కడుక్కునే తొట్టి, దాని పక్కన బరువు చూసే యంత్రం. ఇద్దరే నర్సులు, పెద్ద సిస్టరూ, చిన్న సిస్టరూ. వచ్చినవాళ్ళు చేయి కడుక్కుని, బరువు చూసుకుని, కూర్చుంటారు. అప్పుడు సిస్టర్ చేతికి రెండు సూదులు పెట్టి, గొట్టాలు కలిపి, మిషను నడిపిస్తుంది. ఒక మనిషికి పదిహేను, పదహారు నిమిషాలు. తొందరపడితే రక్తం చిమ్ముతుంది. లిఫ్టక్క మూలన స్టూలు మీద కూర్చుని, నోటుపుస్తకంలో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరికి సూది ఎప్పుడు పడిందో నిమిషాలతో సహా రాసింది.

రెండో రోజుకి నాకే అర్థమైంది. ఎనిమిది మంది, ఇద్దరు సిస్టర్లు, తలా నలుగురు. ఆరింటికి ఎనిమిది మందీ గుమ్మంలో నిలబడి ఉన్నా, చివరివాళ్ళకు సూది పడేది ఆరూ నలభై దాటాకే. మిషన్లు ఖాళీగా ఉండేది రోగుల కోసం కాదు, సిస్టర్ల చేతుల కోసం. పెద్ద సిస్టర్ దానికో పద్ధతి పెట్టుకుంది. దగ్గరివాళ్ళకు ముందు, దూరంనుంచి వచ్చేవాళ్ళకు చివర. అందరికంటే చివర ఒక టైలరు. ఊరి చివరినుంచి మొదటి బస్సెక్కితే ఆరూ నలభైకి దిగుతాడు. అంతకంటే ముందు బస్సు లేదు. వచ్చి చేయి కడుక్కుని కూర్చునేసరికి సిస్టర్ అప్పుడే తన మూడో మనిషిని ముగించి ఆయన వైపు తిరుగుతుంది. ఆయన వల్ల ఒక్క నిమిషం ఎవరికీ నష్టం లేదు. అదీ సంగతి.

ఇంతా చేసి, ఈ పద్ధతి ఏ కాగితం మీదా లేదు. రిజిస్టరులో అందరికీ ఆరు గంటలే. అలా కాగితంలో లేనిది మేనేజరుకు తెలియదు, ఎందుకంటే ఆయన వచ్చేది తొమ్మిదింటికి. టైలరుకు కూడా తాను ఆలస్యంగా వస్తున్నాననే బెంగ. మూడో రోజు లిఫ్టక్క ఆయన పక్కన కూర్చుని, ఒక్కసారి రాలేకపోతే ఏమవుతుందని అడిగింది. ఒకసారి బస్సులు నడవని రోజున రాలేకపోయాడట. "రెండో రోజుకి పడుకుంటే ఊపిరాడలేదమ్మా. తెల్లార్లూ గోడకానుకుని కూర్చున్నా. మా ఆవిడ నా వీపు మీద చెయ్యి తియ్యలేదు" అన్నాడు. లిఫ్టక్క ఆ మాట రాసుకోలేదు. నోటుపుస్తకం మూసేసి ఆయన మిషను వైపు చూస్తూ కూర్చుంది.

బయటికి వస్తుంటే పెద్ద సిస్టర్ మమ్మల్ని తొట్టి దగ్గరికి లాగి, ఈ వరస సంగతి మాత్రం రాయొద్దని బతిమాలింది. రిజిస్టరులో తప్పు టైము వేస్తున్నానని తన మీదికి వస్తుందని ఆమె భయం. లిఫ్టక్క ఆమె చేయి పట్టుకుని, "కంప్యూటరుకు కాగితం తప్ప ఇంకేం తెలియదు సిస్టర్. కాగితంలో టైలరు లేకపోతే, రేపు కుర్చీలోనూ ఉండడు" అంది. సిస్టర్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

శుక్రవారం మా యజమానీ నేనూ ఉండగా, మేనేజరు దగ్గర కూర్చుని లిఫ్టక్క నిమిషాలన్నీ చూపించింది. ఆయన అన్నీ గంగిరెద్దులా తల ఊపి విని, చివరికి మొదటి మాటే మళ్ళీ అన్నాడు. పదిహేను నిమిషాలు, ఆపైన రద్దు. ఈ నలభై ఐదు నిమిషాలూ సాఫ్ట్‌వేర్‌తో మిగులుతాయని పైవాళ్ళకు అప్పుడే మాటిచ్చేశాడట. ఆలస్యం సిస్టర్లు తక్కువై అని ఒప్పుకుంటే మూడో సిస్టర్ని పెట్టాలి. ఆలస్యం రోగులదైతే ఏమీ పెట్టక్కర్లేదు. పైగా, "నిర్ణయించడం మా పని, రాయడం మీ పని" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు మాత్రం లిఫ్టక్క తల ఊపింది. నిర్ణయం ఆయనదే, నిజమే అంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా యజమాని విరుచుకుపడ్డాడు. కోపం వస్తే ఆయనకు ఆమె లిఫ్టక్క కాదు, మేడం. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడం? ఆయన ఆసుపత్రి, ఆయన రోగులు. సోమవారం ఆ పేజీ మీద ఆయనదీ మీదీ రెండు సంతకాలుండాలి. లేకపోతే మంగళవారం నుంచి మీరు రానక్కర్లేదు" అన్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు మండుకొచ్చింది. అయినా నోరు విప్పలేదు. ఆ సంగతి నేను దాచను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను, నచ్చచెప్పి సంతకం పెట్టిద్దామని. ఆమె ఉద్యోగం మీదే ఆ ఇల్లు నడుస్తోంది. ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో కాగితాలు కోసే మిషను నడుపుతాడు, ఆ ప్రెస్ వారానికి నాలుగు రోజులే తెరుస్తున్నారు. రెండు గదులు, వంటగదికి చిన్న వరండా. ఆ వరండాలో వాళ్ళత్తగారు చాపమీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి, ఐదో తరగతితో చదువు ఆపేసింది, నోరు మాత్రం ఆపలేదు. కోడలు రాసిన ప్రతి పేజీ ముందు ఈమెకు వినిపించాకే ఆఫీసుకు వచ్చేదని నాకు ఆ రోజే తెలిసింది. మా శుక్రవారాలకంటే ముందు ఇక్కడో పరీక్ష ఉందన్నమాట. నేను చదువుకున్న చదువంతా ఒకెత్తు, ఈ బఠాణీల చాట ఒకెత్తు.

నన్ను చూడగానే ముసలామె, "ఈ అబ్బాయేనా, వెంటనే అంటే తెలియనివాడు?" అంది. లిఫ్టక్క నవ్వు దాచుకుంటూ నాకు టీ పెట్టడానికి లేచింది.

నేను చెప్పదలుచుకున్నదంతా చెప్పాను. కొండను ఢీకొంటే కొండకేం కాదన్నాను. ఈ ఒక్కసారికి సంతకం పెట్టేస్తే పోయేదేముందన్నాను. లిఫ్టక్క వాదించలేదు. మేనేజరు వాక్యం ఉన్న కాగితం తీసి అత్తగారికి చదివి వినిపించింది. ముసలామె రెండు కాయలు ఒలిచి, "రాని రోగి అన్నావు. వచ్చాడో లేదో ఆ కంప్యూటరుకు ఎవరు చెప్తారే?" అని అడిగింది. ముందు బల్ల దగ్గర అమ్మాయి బటను నొక్కుతుందన్నాను. ఆ అమ్మాయి ఎన్నింటికి వస్తుందని అడిగింది. నేను లిఫ్టక్క వైపు చూశాను. ఏడింటికి అంది ఆమె. అంటే మొదటిరోజే ఆరూ పదిహేనుకి ఎనిమిది మందికీ రద్దు. వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉండగానే. నా నాలుగు లైన్ల కోడు చేసేది అదీ. చేతిలో టీ గ్లాసు పెట్టుకుని సిగ్గుతో చచ్చాను.

"వాళ్ళేం అడిగారో అదే రాయి కోడలా. మెత్తగా రాసేవాళ్ళను చూసే, ఇట్లా అడిగేవాళ్ళు అడుగుతారు" అంది ముసలామె. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని కూడా ఏదో గొణిగి, చాట ఎత్తుకుని లోపలికి పోయింది. లిఫ్టక్క వరండాలోనే కూర్చుని కొత్త కాగితం తీసింది. ఒక గంట సేపు రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. నాకు చూపించలేదు. రేపు అందరితోపాటే వినమంది.

సోమవారం ఆసుపత్రిలో పొడుగు బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒకవైపు మేనేజరు, పెద్ద సిస్టర్. ఇంకోవైపు మా యజమాని, లిఫ్టక్క, నేను. ముందు ఏడింటికి వచ్చే అమ్మాయి సంగతి తేలింది. ఆమెను ఆరింటికి రమ్మంటానని మేనేజరు చిటికెలో తేల్చేశాడు. ఆ సంతోషంలో ఇంకేముందన్నాడు. లిఫ్టక్క నిలబడి చదివింది. ఆ పేజీ నకలు ఇప్పటికీ నా సొరుగులో ఉంది, కాబట్టి మాట పోకుండా చెప్తున్నాను.

"ఆరింటి షిఫ్టులో ఎనిమిది మంది రోగులకు ఇద్దరు సిస్టర్లు ఒకరి తర్వాత ఒకరికి సూదులు పెడతారు. చివరివారి వంతు ఆరూ నలభై ఎనిమిదికి వస్తుంది. అయినా, ఆరూ పదిహేను దాటాక వచ్చిన రోగికి, తన వంతు ఇంకా రాకపోయినా, తన మిషను ఖాళీగానే ఉన్నా, ఆ పూట డయాలసిస్ చేయరు. రద్దు చేసేముందు సిస్టమ్ సిస్టర్‌ను గానీ, డాక్టరును గానీ, రోగిని గానీ అడగదు. రద్దయిన రోగి తర్వాతి వంతు రెండు రోజులకు. మొదటి బస్సులో ఆరూ నలభైకి వచ్చే రోగికి ఈ నియమం వల్ల ప్రతిసారీ రద్దవుతుంది. ఈ నియమం నిర్ణయించినది ఆసుపత్రి మేనేజరు. రాసినది నేను."

కింద రెండు గీతలు, రెండు సంతకాలకు. కాగితం ఆయన ముందు పెట్టి, పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. మా యజమాని ముఖం చూడాలి అప్పుడు. బల్ల కింద నా కాలు తొక్కాడు, తొక్కాల్సింది ఆమె కాలు.

మేనేజరు కాగితం రెండుసార్లు చదివాడు. తానిలా చెప్పలేదన్నాడు. ఆయన చెప్పని మాట ఒక్కటి ఉన్నా గీత కొట్టేయమంది లిఫ్టక్క. ఆయన పెన్ను తీసుకున్నాడు. పై నుంచి కింద దాకా వెతికాడు. బస్సు వాక్యం దగ్గర ఆగాడు, అబద్ధమా అంటే కాదు. అడగదు అన్నచోట ఆగాడు, అడగాలని ఆయన ఎప్పుడూ అనలేదు. పెన్ను ఎక్కడా ఆనలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, ఆ ఉలుకు చెమటయి ఆయన నుదుటి మీద కనపడింది.

"సారాంశం అదే ఉంచి, కొంచెం మెత్తగా రాయండి" అన్నాడు చివరికి.

"మెత్తగా రాస్తే మీరు సంతకం పెడతారు సార్. అందుకే రాయను" అంది లిఫ్టక్క.

గొంతు పెంచలేదు. ఫోనులో చీటీ రాసుకునేటప్పటి గొంతే అనుకుంటాను అది. మా యజమాని లేచి, ఈమె తరఫున తాను క్షమాపణ చెప్తున్నాననీ, ఈ పేజీ ఇంకొకరితో రాయిస్తాననీ మొదలుపెట్టాడు. లిఫ్టక్క ఆయన వైపు తిరగనుకూడా లేదు. "ఎవరితో రాయించినా రేపు కుర్చీ దగ్గర జరిగేది ఇదే. నిర్ణయం మీదన్నారు, నేను ఒప్పుకున్నాను. పెట్టండి సార్, కింద నేనూ పెడతాను" అంది మేనేజరుతో. తాడో పేడో తేలిపోవాలన్నట్టు అలాగే నిలబడింది.

మేనేజరు పెద్ద సిస్టర్ వైపు తిరిగాడు, ఈమె చెప్తున్న వరస నిజమేనా అన్నాడు. ఇంతసేపూ ఆమె తలెత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషి, ఇరవై ఏళ్ళ ఉద్యోగం. ఇప్పుడు ఏమంటుందోనని చూశాను.

"నిజమే సార్. రిజిస్టరులో ఆరని రాస్తున్నది నేనే. ఇద్దరమే ఉన్నాం, ఎనిమిది మందికి ఒకేసారి సూదులు పెట్టలేం. టైలరు గారిని చివర పెట్టుకున్నదీ నేనే. ఆయన్ని వెనక్కి పంపాలంటే ఆ మాట నేను చెప్పను. మీరు ఆరింటికి వచ్చి చెప్పండి" అంది.

నాకు ఆ క్షణాన లేచి ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. కాగితాన్ని వేలితో అటూ ఇటూ జరిపాడు. ఆ తర్వాత మాట్లాడింది పైవాళ్ళకు మాటిచ్చిన మనిషి కాదు, కొంచెం అలసిపోయిన మామూలు మనిషి. జాబితాలో ఉన్న ఇరవై రెండు మందికి తానేం చెప్పాలని అడిగాడు. అది సరైన ప్రశ్న. లిఫ్టక్క అప్పుడే కూర్చుంది. తన వంతు వచ్చేసరికి రోగి లేకపోతే అప్పుడు సిస్టమ్ సిస్టర్‌ను అడుగుతుందనీ, సిస్టర్ నిజంగా రావడం లేదని నొక్కితేనే జాబితాలో దగ్గరివాళ్ళకు ఫోను వెళ్తుందనీ చెప్పింది. మూడో సిస్టర్ వస్తే ఎన్ని నిమిషాలు మిగులుతాయో కూడా లెక్క వేసి పెట్టుకొచ్చింది. ఆమె మడిచి తెచ్చిన రెండో కాగితం అది. దాని మీద ఆయన సంతకం పెట్టాడు. కింద ఆమె పెట్టింది.

మంగళవారం ఆమె ఆఫీసుకు వచ్చింది. ఉద్యోగం తీసేయడానికి మా యజమానికి కారణం దొరకలేదు, రెండు సంతకాలూ ఉన్నాయి కదా. కానీ కడుపులో పెట్టుకున్నాడు. ఆమె బల్ల జిరాక్స్ మిషను పక్కకు పోయింది. ఖాతాదారుల దగ్గరికి వెళ్ళడం మాన్పించాడు. మేం వాళ్ళ దగ్గర విన్నది ఆమెకు చెప్తే ఆమె రాయాలట. మేం చెప్తాం, ఆమె వంద ప్రశ్నలు వేస్తుంది, జవాబు తెలియక మళ్ళీ వాళ్ళ దగ్గరికి పోతాం. నెల తిరక్కుండా ఆయన దగ్గరికి మేమే మందగా వెళ్ళి, మా చెప్పులరిగిపోతున్నాయి, ఆమెనే పంపండి అన్నాం. ఆయన ఒప్పుకోలేదు. పిల్లికి గంట కట్టేదెవరంటూ ఒకరినొకరు చూసుకుని వచ్చేశాం.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ నేనే రాశాను. రెండో కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. అది మొదలైన నెలకు మా యజమాని నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నా భుజం తట్టాడు, నీకు మంచి భవిష్యత్తు ఉందన్నాడు. ఆ రెండూ ఒకేసారి వచ్చినప్పుడే అనుమానపడాల్సింది. మేనేజరుకు పైనుంచి ఒత్తిడిగా ఉందట. పదిహేను నిమిషాల రద్దును కోడులో ఒక మూల పెట్టి ఉంచాలట, ఆపేసి. అవసరమైనప్పుడు ఒక్క మీట నొక్కితే మొదలయ్యేట్టు. చిన్న పని, కాగితాలు అక్కర్లేదు, లిఫ్టక్కదాకా పోనక్కర్లేదు, నీకూ నాకూ మధ్యనే అన్నాడు.

నాలుగు లైన్లు. మధ్యాహ్నం టీ లోపల అయిపోతుంది. నాకు పెళ్ళాం ఉంది, ఇల్లుంది, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి వెంటనే దొరికే వయసు కాదు. భయం వేసింది, చాలా భయం వేసింది. గోడకానుకుని కూర్చున్న టైలరు, ఆయన వీపు మీద చెయ్యి కళ్ళ ముందుకొచ్చాయి.

"రాసివ్వండి సార్" అన్నాను. "ఆ మీట ఎవరు నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, నొక్కితే ఎవరి కుర్చీ పోతుంది. కింద మీ పేరు పెట్టండి. అది రాగానే మొదలుపెడతా."

ఆయన తలుపు తీయమన్నాడు.

నాలుగేళ్ళయింది. ఆ కాగితం ఇంకా నా బల్ల మీదికి రాలేదు. టైలరు మాత్రం వారానికి మూడుసార్లు వస్తూనే ఉన్నాడు, ఆరూ నలభైకి.